గుంట మగ్గం అంచున స్పానిష్ క్లాసు

మేడమ్ పోయారన్న సంగతి నాకు ఒక అడ్మిషన్ల ప్రకటన చూస్తే తెలిసింది. పొద్దున్నే ఫోన్ తీస్తే వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చి ఉంది. పైన ఆమె ఫోటో, దాని చుట్టూ కంప్యూటర్‌లో అతికించిన బంతిపూల దండ, 'తీరని లోటు' అని ఒక మాట. దాని కిందే, దండ కొసలు తగిలేంత దగ్గరగా, 'స్పానిష్ కొత్త బ్యాచ్ త్వరలో ప్రారంభం, ముందుగా చేరినవారికి ఫీజులో రాయితీ' అని పసుపు అక్షరాలు. పంపింది హన్మకొండలో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన. నాకు ఏడుపు రాలేదు, ఆ బొమ్మను చెరిపేశాను. ఏడుపు తర్వాతెప్పుడో, ముఖం కడుక్కుంటుంటే వచ్చింది.

చదివేవాళ్ళకు ముందే చెప్తున్నాను, ఇది కమ్మగా సాగే స్మృతి కాదు. మా సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద 'ఎల్లప్పుడూ చిరునవ్వుతో పలకరించే' అని రాశారు. అచ్చమైన అబద్ధం. ఆమె మమ్మల్ని ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించలేదు. ముఖం చిట్లించి పలకరించేవారు. ఆ ఫ్లెక్సీలో కోచింగ్ సెంటర్ ఓనరు ఫోటో మేడమ్ ఫోటో కంటే పెద్దది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, సంతాపం తెలుపుతున్నాడట. దాని కింద నుంచి నడిచి వెళ్ళిన ప్రతిసారీ నాకు చెప్పులో బురద దూరినట్టుండేది.

మేడమ్‌కి రోత పుట్టించేవి చాలా ఉండేవి. మీగడ తేలిన చాయ్, వేలు నాలుకకు తడుపుకుని పేజీ తిప్పడం, వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ గులాబీలు, మిర్చి బజ్జీలు చుట్టిన కాగితానికి అంటిన నూనె, నెల రోజుల్లో ఏ భాషైనా అనే ప్రకటనలు. అన్నిటికంటే ఎక్కువ రోత, మాటను మింగేయడం. ఎవరైనా ఒక పదాన్ని సగం పలికి మిగతా సగం గొంతులో దాచుకుంటే ఆమె కళ్ళు మూసుకునేవారు, పక్కింటి మురికి కాలువ వాసన తగిలినట్టు. "మింగకు. అన్నం కాదది, మాట. బయటికి తియ్యి" అనేవారు.

ఆమె మా కాశిబుగ్గలో, మా సందు చివరి ఇంట్లో, స్పానిష్ నేర్పేవారు. మగ్గాల వాడలో స్పానిష్ ఏమిటని మీరు అడుగుతారు. అందరూ అడిగేవారు. హైదరాబాద్‌లో ఎమ్మే చదవడానికి వెళ్తే ఇంగ్లిష్‌లో సీటు రాలేదట. "స్పానిష్‌ల ఖాళీ ఉన్నది, చేరిన. ప్రేమ గీమ ఏం లేదు. ఊకె అడగకుండ్రి" అనేవారు. అక్కడే ఏదో కాలేజీలో కొన్నేళ్ళు చెప్పి, తల్లికి బాగోలేక ఇంటికి వచ్చి, తల్లి పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఆమెకు తోడు ముసలి మేనత్త ఒక్కతే. తమ్ముడు రఘునాథపల్లిలో ఎరువుల దుకాణం పెట్టుకుని అక్కడే స్థిరపడ్డాడు. స్పానిష్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగాలు హైదరాబాద్ కంపెనీల్లో ఉంటాయని తెలిసిన పిల్లలు, ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్ళు, ఆమె గుమ్మం ముందు చెప్పులు విడిచేవారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

క్లాసు జరిగేది ముందుగదిలో. ఒకప్పుడు వాళ్ళ నాన్న నేసిన గది అది. మగ్గం ఎప్పుడో అమ్మేశారు. కానీ అది గుంట మగ్గం కాబట్టి, నేసేవాళ్ళు కాళ్ళు వేలాడేసుకునే గుంట నేలలో అలాగే మిగిలిపోయింది. గుంట అడుగున ఒక తొక్కుడు చెక్క కూడా మిగిలింది. మేడమ్ దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టుకున్నారు, తొక్కగానే మళ్ళీ పైకి లేవడానికి. తొక్కితే చెక్క కొస కింది బండకు తగిలి 'టప్' మనేది. ఆమె గుంట అంచున కూర్చుని, కుడికాలు ఆ చెక్క మీద పెట్టి పాఠం చెప్పేవారు. కుర్చీ తెచ్చిస్తామంటే ముఖం చిట్లించారు.

మొదటి నెలంతా వ్యాకరణం లేదు, వాక్యాలు లేవు. మాటల్ని విడగొట్టడమే. స్పానిష్‌లో ఒక్కో మాటను నోరు ఎన్ని విసుర్లలో పలుకుతుందో ఆ ఒక్కో విసురును ఆమె 'అడుగు' అనేవారు. ఒక అడుగుకు చెక్క మీద ఒక తొక్కు. కాసా, అంటే ఇల్లు. కా, టప్. సా, టప్. రెండు. వెంతానా, అంటే కిటికీ. మూడు చప్పుళ్ళు. మారిపోసా, సీతాకోకచిలుక, నాలుగు. చీరల అట్టపెట్టెలు కోసి చీటీలు చేసి వాటి మీద మాటలు రాసేవారు. గోడ పక్కన నాలుగు వెదురు బుట్టలు, ఒకప్పుడు నూలు కండెలు వేసుకున్నవి. ఒక అడుగు మాటలకు ఒకటి, రెండడుగులకు ఒకటి, మూడింటికి ఒకటి, అంతకు మించిన వాటన్నిటికీ కలిపి ఒక పెద్ద బుట్ట. మోనోసిలబా, బిసిలబా, త్రిసిలబా, పోలిసిలబా అని వాటి అసలు పేర్లు. మేం చీటీ తీసి, మాట పలికి, సరైన బుట్టలో వెయ్యాలి.

తప్పు బుట్టలో వేస్తే ఆమె తిట్టేవారు కాదు. గుంటలోంచి లేచి, నడిచి వెళ్ళి, ఆ చీటీని రెండు వేళ్ళ కొసలతో పైకి తీసేవారు, అన్నంలో వెంట్రుక తీసినట్టు. దాన్ని మన ముఖానికి ఎదురుగా పట్టుకుని "ఛీ" అనేవారు. గట్టిగా కూడా కాదు, ఊపిరి వదిలినట్టు. ఆ ఒక్క మాటకు ఇంజనీరింగ్ గోల్డ్ మెడల్ వచ్చినవాడు చెమటలు కక్కడం నేను చూశాను.

మా తప్పులన్నీ ఒకటే రకం. మనం తెలుగువాళ్ళం, చెవితో లెక్కపెట్టం, రాత చూసి లెక్కపెడతాం. పుయెర్తా అంటే తలుపు. మేం మనసులో దాన్ని తెలుగులో రాసుకుని పు, యె, ర్తా, మూడు అనేవాళ్ళం. మేడమ్ కాలు మూడో తొక్కుకు రాకుండా గాల్లో ఆగిపోయేది. "పుయెర్. తా. రెండే. ర కింద త ఒత్తు రాసింది నువ్వు, వాడు కాదు. వాని తలుపుకు నీ ఒత్తు ఎందుకు బిగిస్తాన్నవ్?" ఇంకొక రోగం, ప్రతి మాటకూ చివర తోక తగిలించడం. పాన్ అంటే రొట్టె, ఒక్క అడుగు. మేం అలవాటు కొద్దీ పాను అనేవాళ్ళం. "ఒక్క కాలు మీద నిలవడ్డదాన్ని తీసుకపోయి రెండు కాళ్ళ బుట్టల పడేసినవ్. ఛీ."

ఆమెకు ఇష్టమైన చీటీ ఒకటుండేది. పియె. అంటే పాదం. అది ఒకే అడుగు. మా తెలుగు కళ్ళకు అది ఖచ్చితంగా రెండు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ దాన్ని రెండో బుట్టలో వేసేవారు, ఆమె రెండు వేళ్ళతో తీసేవారు. నేనైతే వాదించాను. తీయా, అంటే అత్త, దానికి రెండడుగులు అన్నారు కదా, ఇది కూడా అలాగే ఉంది కదా మేడమ్ అని. "తీయాల 'ఐ' అక్షరం నెత్తి మీద గీత చూడు. ఆ గీత ఉంటె పక్క అచ్చుతోని కాపురం చెయ్యదు, యేరు పడతది. పియె మీద గీత ఉన్నదా? లేదు. కలిసే ఉంటయి. మా అత్తను చూసి నేర్చుకో, ఎవ్వలతోని కలవది" అన్నారు. లోపలి గదిలోంచి మేనత్త "ఇనవడ్తాంది నాకు" అని అరిచింది. మేడమ్ పెదవుల చివర ఏదో కదిలింది. ఫ్లెక్సీ వాళ్ళు చెప్పిన చిరునవ్వు బహుశా అదే అయ్యుంటుంది.

ఒక వానాకాలం మా వాడలోకి నీళ్ళొచ్చాయి. గుంట నిండిపోయింది. క్లాసు ఉండదులే అనుకుంటూనే వెళ్ళాను. మేడమ్ చీర కుచ్చిళ్ళు దోపుకుని బకెట్‌తో గుంట తోడుతున్నారు, ముఖం నిండా అసహ్యం. నన్ను చూసి "కూసో, అట్లనే చెప్త" అన్నారు. అడుగు నీళ్ళలో ఒక కప్ప దొరికింది. దాన్ని వెనక కాలు పట్టుకుని పైకెత్తి, "రానా. రా, నా. ఏ బుట్ట?" అని అడిగారు. నేను "బిసిలబా మేడమ్" అన్నాను. "పో బిసిలబా" అని దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి, చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. ఆ రోజు వాడలో నవ్విన ఇల్లు మేడమ్‌ది ఒక్కటే అనుకుంటాను.

నా ఉద్యోగం కూడా ఆ గుంట దగ్గరే వచ్చింది. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో. మా ఇంట్లో నెట్ నిలవదని మేడమ్ ఇంట్లో కూర్చున్నాను. అవతల ఒక స్పెయిన్ ఆవిడ. మొదటి ప్రశ్నకే నా మాటలు ఒకదాని మీద ఒకటి పడసాగాయి, అన్నీ మింగేస్తున్నాను. అప్పుడు కెమెరాకు కనిపించని చోట, గుంటలోంచి, మెల్లగా 'టప్' అని వినిపించింది. కాసేపాగి మళ్ళీ 'టప్'. నేను ఆ చప్పుడు మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ మాట్లాడాను. నోరు దానంతటదే దారిలో పడింది. చివర్లో ఆవిడ ఆ చప్పుడేమిటని అడిగింది. "పక్కింట్లో మగ్గం" అన్నాను, స్పానిష్‌లోనే. కాల్ అయిపోయాక మేడమ్ గుంటలోంచి లేచి, "అబద్ధమాడినవ్. కానీ మగ్గం అన్నది మంచిగ పలికినవ్. తే, లార్. రెండు" అన్నారు. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇవాళ హన్మకొండ ఆఫీసులో రాత్రి షిఫ్టు చేసి నేను తింటున్న తిండి ఆమె కాలి కిందినుంచి వచ్చింది.

ఇక ఆ కోచింగ్ సెంటర్ ఓనరు. ఈ మధ్యనే, ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు, అతను వచ్చి ఒక క్లాసు వీడియో తీసుకెళ్ళాడు. డెమో కోసం అన్నాడు. మేడమ్ ఏ కళనున్నారో ఒప్పుకున్నారు. వారానికి అతనే ఫోన్ పట్టుకుని వచ్చాడు, మంచి పని చేసినవాడి ముఖంతో. నేను అక్కడే ఉన్నాను. అర నిమిషం వీడియో. మేడమ్ మాటలు టకటకా ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, మధ్యలో ఊపిరి కూడా లేదు. వెనకాల డబడబమని ఏదో సంగీతం. కింద మెరిసే అక్షరాలు.

మేడమ్ పూర్తిగా చూసి, "నా కాలు ఏది?" అన్నారు.

"కాలేంది మేడం?"

"చప్పుడు. చెక్క చప్పుడు ఏది?"

"అదా! నాయిస్ మేడం. తీసేసినం. గ్యాపులు గూడ తీసేసినం, జనం ఆగరు మేడం, స్కిప్ కొట్టేస్తరు. మీరు ఛీ అన్నవి గూడ కట్ చేపిచ్చిన. నెగెటివ్ పోతది."

"కాలు తీసేసినవ్, ఛీ తీసేసినవ్. ఇగ మిగిలిందేంది? నా దగ్గర ఉన్నయే అవి రెండు."

అతను నవ్వాడు, జోక్ అనుకుని. మేడమ్ అతని ఫోన్‌ను రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని తిరిగి ఇచ్చారు. "మళ్ళ ఈ గడప తొక్కకు" అన్నారు. అతను వెళ్ళాక చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. రోజూ క్లాసుకు రాలేని పిల్లల కోసం ఆమె తన ఫోన్‌లో పాఠాలు రికార్డు చేసి పెట్టేవారు, ఆ రికార్డులు అన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. అతనికి కావలసింది అవే అని నాకు అప్పుడు తట్టలేదు.

మేడమ్ గుండె ఆగి పోయారు. దవాఖానకు తీసుకెళ్ళే వ్యవధి కూడా లేదు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ముందుగది నిండా జనం. ఎవరో ఆమె ముఖం మీదికి ఫోన్ పెట్టి దూరపు చుట్టాలకు లైవ్‌లో చూపిస్తున్నారు. ఒకామె ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో జుట్టు సర్దుకుంది, తను కూడా కనిపిస్తోందని. వెదురు బుట్టల్లో ఎవరో వాడిన చాయ్ కప్పులు పడేశారు. త్రిసిలబా బుట్ట నిండిపోయింది. నాకు ఎంత రోత పుట్టిందంటే, చచ్చిపోయిన మనిషి లేచి ఒక్కసారి 'ఛీ' అంటే బాగుండనిపించింది. కప్పులు నేనే ఏరి బయట పారేశాను.

అంత్యక్రియలైన మర్నాటికే గది గురించి మాటలు మొదలయ్యాయి. తమ్ముడు చెడ్డవాడు కాదు, అక్క అంటే ప్రాణం. కానీ రఘునాథపల్లిలో దుకాణం వదిలి రాలేడు, పక్కన సలహాలిచ్చేవాళ్ళకేమో కొదవలేదు. "గుంట పూడ్చి టైల్స్ ఏపిస్తే సెల్‌ఫోన్ షాపుకు ఇయ్యొచ్చు, మంచి జాగ." అలా అన్నది ముందురోజు శవం కాళ్ళ మీద పడి దొర్లిన మనిషే. కోచింగ్ సెంటర్ ఓనరు, గడప తొక్కొద్దని చెప్పించుకున్నవాడు, ఆ గడప లోపలే కుర్చీ వేసుకుని తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు. "అక్క ఫోన్ జర నాకియ్యి తమ్మీ. వీడియోలన్నీ నీట్‌గ కట్ చేపిస్త. అక్క పేరు నిలవడ్తది." తమ్ముడికి ఏం తెలుసు, తలూపాడు. మేడమ్ ఒద్దన్నారని నేను చెప్పాను. "బతికున్నప్పుడు ఏదో కోపంల అన్నదమ్మా, ఇప్పుడు పేరు నిలవడాలె కదా" అన్నాడు ఓనరు. దినాలు అయ్యాక ఫోన్ ఇస్తానని తమ్ముడు మాటిచ్చేశాడు. ఆ ఫోన్ అతని చేతికి పోతే ఆ చెక్క చప్పుడు లోకంలో ఇంకెక్కడా ఉండదు. గుంట పూడ్చేస్తే అసలే ఉండదు. నాకు నిద్ర పట్టలేదు.

దినాల నాడు పిట్టకు పెట్టారు. మా వైపు తెలిసిందే. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి బయట ఉంచుతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక ఉండిపోయిందని, విస్తరి ముందు నిలబడి ఒక్కొక్కరూ మాటిస్తారు. ఏ మాటకు కాకి దిగితే అదే ఆ కోరిక.

మేడమ్‌కు ఇదంటే ఎంత వెగటో నాకు తెలుసు. తన తల్లి దినాలప్పుడు కాకి మధ్యాహ్నం దాకా రాకపోతే షుగర్ ఉన్న మేనత్త కళ్ళు తిరిగి పడిపోయిందట. అది చెప్తూ, "నా తర్వాత కాకి ముట్టకుంటే నాకు ఆకలి లేదని రాసుకోండ్రి. కథలల్లకుండ్రి" అనేవారు. అదే మేనత్త ఇప్పుడు ఇంటి వెనక ఖాళీ జాగాలో పీట వేసుకుని, అన్నిటికీ పెద్దరికం చేస్తోంది. విస్తట్లో పప్పు, పూరీలు, చాయ్, సకినాలు. ఎవరో మిర్చి బజ్జీలు కూడా పెట్టారు. మేడమ్ జన్మలో ముట్టనివి. కాగితానికి నూనె అంటి ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

కాకి రాలేదు. పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని చూస్తోంది. ఎండ ఎక్కింది. మేనత్త అంది, "పిల్ల ఏందో మనసుల పెట్టుకున్నది. ఎవలన్న మాటియ్యిండ్రి."

తమ్ముడు ముందుకొచ్చాడు. "అక్కా, ఏడాదికోపాలి నీ పేరు మీద అన్నదానం చేస్త. దిగక్కా." కాకి దిగలేదు. "అత్తను నేను సాత్త, మంచిగ చూసుకుంట, ఫికర్ పెట్టుకోకు" అన్నాడు. కాకి కదిలి, గోడ మీదికి వచ్చింది. గోడ మీది నుంచి నేల మీదికి దిగింది. విస్తరి వైపు గెంతుతోంది.

అప్పుడు ఓనరు తోసుకుని ముందుకొచ్చి, చేతులు జోడించి, ఫ్లెక్సీలో నిలబడినట్టే నిలబడ్డాడు. "మేడం! మీ వీడియోలు మేం తీసుకుంటున్నం. మొత్తం ప్రపంచం చూసేటట్టు చేస్త మేడం!"

అతని జేబులో ఫోన్ మోగింది. ఊరేగింపులో పెట్టే పాట, ఊరంతా వినిపించేంత గట్టిగా. కాకి కావుమని లేచి మళ్ళీ ట్యాంకు మీదికి పోయింది.

"చూసిన్రా!" మేనత్త పీట మీద నుంచి లేచి నిలబడింది. "ఒద్దంటాంది! మొకం మీదనే ఒద్దంటాంది!"

"అమ్మా, ఫోన్ మోగింది. చప్పుడుకు ఎగిరింది" అన్నాడు ఓనరు, ఫోన్ నొక్కేస్తూ.

"ఇంతదాంక మోగనిది నువ్వు నోరు తెర్వంగనే ఎందుకు మోగింది మరి?"

తమ్ముడి ముఖం పాలిపోయింది. ఓనరు చెప్పింది నిజమే. ఆ రోజు ఆ జాగాలో నిజం మాట్లాడినవాడు అతనొక్కడే. కాకి చప్పుడుకే ఎగిరింది, అది నాకూ తెలుసు. ఈ కాకుల కథలంటే మేడమ్‌కి ఎంత అసహ్యమో నాకూ అంతే అసహ్యం. అయినా నేను నోరు విప్పి, "ఆయనను గడప తొక్కొద్దని చెప్పింది నా ముందటనే అత్తమ్మా" అన్నాను. అదీ నిజమే. తమ్ముడు ఓనరు వైపు తిరిగి, "అన్నా, ఆ ఫోన్ సంగతి ఇడిసిపెట్టు. అక్క ఒద్దంటాంది" అన్నాడు. ఓనరు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. చప్పుడు నాయిస్ అని మేడమ్ కాలు తీసేసినవాణ్ణి చివరికి వాడి చప్పుడే బయటికి పంపింది. నాకు సంతోషం కలిగిందని దాచను.

కానీ కాకి ఇంకా ట్యాంకు మీదే ఉంది. మేనత్త మళ్ళీ పీట మీద కూలబడింది, షుగర్ మనిషి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. "ఇంకేందో ఉన్నది. చెప్పుండ్రి, చెప్పుండ్రి" అంటోంది.

క్లాసు పిల్లలు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఉంది. స్పానిష్ పరీక్ష దగ్గర పడింది, మేడమ్ పోయారు, ఏం చెయ్యాలో తెలియక అన్ని రోజులూ గుమ్మం దగ్గరే తచ్చాడింది. ఆ పిల్ల విస్తరి ముందుకొచ్చి, కాకిని చూస్తూ కాదు, నేలను చూస్తూ అంది. "మేడం, సోమారం క్లాసు నడుస్తది. గుంట పూడ్చనియ్యం. అక్క చెప్తది." అని నా వైపు వేలు చూపింది.

నన్ను ఒక్క మాట అడగలేదు. నాకు రాత్రి షిఫ్టు, పాఠం చెప్పడం రాదు, ఒక్క తప్పు చీటీ పట్టుకుని మనిషికి చెమటలు పట్టించే ముఖం నాకు లేదు. అవన్నీ చెప్పబోతున్నాను. కాకి దిగింది. సరాసరి విస్తరి దగ్గరికి వచ్చి, పప్పు వదిలేసి, సకినాలు వదిలేసి, మిర్చి బజ్జీ ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ భోజనాలకు లేచారు. మిర్చి బజ్జీ! ఆ కాకి మేడమ్ కాదని రూఢి చేసుకోవడానికి నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. అయినా విస్తరి ముందు ఇచ్చిన మాట, అంతమంది విన్న మాట. మేనత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, తమ్ముడితో అంది, "గుంట మీద చెయ్యేస్తే నీ చెయ్యి ఇరగ్గొడ్త." తమ్ముడు సరే అన్నాడు. నా అభిప్రాయం అప్పటికీ ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున, షిఫ్టు దిగి, కళ్ళు మండుతుండగానే వెళ్ళాను. పిల్లలు ముందే వచ్చి గది ఊడ్చారు. నాలుగు బుట్టలు గోడ పక్కన వరసగా ఉన్నాయి, త్రిసిలబాకు ఇంకా చాయ్ మరక ఉంది. నేను చాపమీద కూర్చోబోయాను. అందరూ గుంట వైపే చూస్తున్నారు. వెళ్ళి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాను. చెక్క మీద కాలు పెడితే, నడిమధ్యన పాదం ఆకారంలో అరిగిపోయి నున్నగా ఉంది. వాళ్ళ నాన్న పాదం, తర్వాత ఆమె పాదం. నా మడమ ఆ గుంతలో సరిపోలేదు, నాది చిన్న పాదం.

కొత్తగా చేరిన కుర్రాడు చీటీ తీశాడు. ఓనరు కొత్త బ్యాచ్ ప్రకటన చూసి బయల్దేరి, అడ్రస్ తప్పి మా దగ్గరికి చేరినవాడు. చీటీ చదివి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ధీమాగా రెండో బుట్టలో వేశాడు. నేను లేచి వెళ్ళాను. నా వేళ్ళు నేను చెప్పకుండానే రెండయ్యాయి. చీటీ పైకి తీసి చూస్తే, పియె. నా నోట్లోంచి ఊపిరి వదిలినట్టుగా వచ్చింది, "ఛీ."

నెక్కొండ అమ్మాయి తల దించుకుని కళ్ళు తుడుచుకుంది. కుర్రాడు బిక్కమొహం వేశాడు. నేను తిరిగి వచ్చి గుంటలో కాలు పెట్టి, "పియె" అని, చెక్క ఒక్కసారి తొక్కాను. టప్.

వాకిట్లో మేనత్త చాటలో బియ్యం ఏరుతోంది. చాట చప్పుడు ఆగింది. ఆమె మా వైపు తిరగకుండానే గొంతెత్తింది.

"జర గట్టిగ తొక్కు బిడ్డా, ఇనొస్తలేదు."